బాగున్నారా? బాగానే ఉన్నాము

వెనుకటి తరమువారు ఉత్తరము వ్రాయునపుడు మొదటి పంక్తిలోనే "ఉభయకుశలోపరి" అని వ్రాసెడివారు. ఇక్కడ మేము క్షేమము, అక్కడ మీరును క్షేమమని తలంచుచున్నాము, ఇక అసలు సంగతి వినుడు అని దాని తాత్పర్యము. ఆ క్రింది పంక్తులలో చంటివానికి పదునైదు దినములుగా జ్వరము తగ్గలేదనియు, బావి ఎండినదనియు, అప్పిచ్చినవాడు అరుగు దిగుట లేదనియు ఉండెడిది. పై పంక్తిలోని కుశలము మాత్రము చెక్కు చెదరెడిది కాదు. ఉత్తరములు వ్రాయుట మానినాము గాని ఆ పంక్తిని మానలేదు. నేడు నిజామాబాదు బస్టాండులో బోధను బస్సు దిగి దఫ్తరునకు పరుగెత్తుచున్న గుమాస్తాను ఎదురుపడినవారు "పానం ఎట్లున్నదన్నా?" అని అడుగుదురు. "మంచిగనే ఉన్నది" అని అతడు నడుచుచునే చెప్పును. అడిగినవాడు ఆగడు, చెప్పినవాడును ఆగడు.

ఈ "మంచిగనే" అను మాట దేహము పలికించునదా, మనస్సు పలికించునదా, కూర్చున్న కుర్చీ పలికించునదా అను సందేహము నాకు కొన్నియేండ్ల క్రిందట కలిగినది. దానికి కారణమైన చిన్న సంఘటనను మొదట చెప్పవలెను.

మా పట్టణములో ఒక కార్యాలయమున ఉద్యోగులకు ఆరోగ్య శిబిరము పెట్టినారు. అచ్చట సీనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్న మిత్రుడొకడు ముందునాటి సాయంకాలము నన్ను పిలిపించెను. శిబిరమువారు పంపిన ప్రశ్నపత్రము ఇంగ్లీషులో ఉన్నది. అటెండర్లకు, డ్రైవర్లకు తెలియునట్లు తెలుగు చేయుమని కోరెను. రక్తపుపోటు ఎంత, చక్కెర ఎంత అనునవి తేలికగనే తెనుగైనవి. మొదటి ప్రశ్నయే నన్ను నిలిపివేసినది. "మొత్తముమీద మీ ఆరోగ్యము ఎట్లున్నదని మీరు తలంతురు?" అని అడిగి, క్రింద ఐదు గడులు గీసి, ఎక్సలెంట్, వెరీగుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని వ్రాసియుండెను. ఏదో యొక గడిలో గుర్తు పెట్టవలెను.

ముప్పది యేండ్లుగా తెలుగు చెప్పుకొని బ్రతుకుచున్న నాకు ఆ ఐదు మాటలు ఆ సాయంకాలమంతయు పట్టినవి. మన భాషలో ఆరోగ్యమనగా రోగము లేకపోవుట. అందులో మెట్లు లేవు. స్వస్థుడనగా తనయందు తాను నిలిచియున్నవాడు. సుశ్రుతుడు స్వస్థుని లక్షణములు చెప్పుచు దోషములు, ధాతువులు, అగ్ని సమముగా ఉండుటతో ఆపక, ఆత్మయు ఇంద్రియములును మనస్సును ప్రసన్నముగా ఉండవలెనని చేర్చినాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1946లో తన నిబంధనావళిని వ్రాసికొనుచు, ఆరోగ్యమనగా వ్యాధి లేకుండుట మాత్రమే కాదు, దేహమునకు, మనస్సునకు, సంఘజీవనమునకు సంబంధించిన సంపూర్ణ క్షేమమని నిర్వచించినది. కుశలుడనగా దర్భను చేయి తెగకుండ కోసికొని రాగలవాడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. ఉర్దూ దఫ్తరుల నాటి నుండి మన ప్రాంతమున నిలిచిపోయిన "తబియత్" అను మాటకు స్వభావమని అర్థము. "సుస్తీ" అనగా సడలిక. ఇవి యన్నియు కాక మన పల్లెలలో వినిపించునది "పానం". పానం బాగలేదన్నచో కడుపునొప్పియు కావచ్చును, కొడుకు ఉత్తరము రాలేదను దిగులును కావచ్చును. ఇన్ని మాటలున్న భాషలో ఆ "ఫెయిర్" అను గడికి తగినది దొరకక, చివరకు "పరవాలేదు" అని వ్రాసితిని.

మరునాడు నా తెలుగు ప్రతులు అందరికిని చాలలేదు. వరుస చివర నిలుచున్న అటెండరుకు ఇంగ్లీషు కాగితమే వచ్చినది. నలుబది యేండ్లు దాటినవాడు, సన్నని మనిషి; కాంట్రాక్టు మీద పనిచేయుచుండెను. నేను ప్రక్కన కూర్చుండి ఒక్కొక్క గడియు చదివి చెప్పితిని. చివరి గడి వచ్చినపుడు అతడు నవ్వినాడు. "సారూ, పూర్ అంటె బీదోడనే గద? గట్లయితె నాకు గదే పెట్టుండ్రి." అది బీదతనము కాదు, ఆరోగ్యము సరిగా లేకపోవుట అని నేను వివరించితిని. అతడు కొంచెము సేపు ఆలోచించి, "రెండు ఒకటే సారూ, గదే పెట్టుండ్రి" అనెను. పెట్టితిని.

నా మిత్రుడు అప్పటికే "వెరీగుడ్" గడిలో పెద్ద గుర్తు పెట్టి నిలుచుండెను. మధ్యాహ్నమునకు పరీక్షల చీటీలు వచ్చినవి. అటెండరుకు రక్తపుపోటు సరిగనే ఉన్నది, చక్కెరయు సరిగనే ఉన్నది. నా మిత్రునకు పోటు 180 మీద 110. పెద్దలలో 140 మీద 90 దాటినచో ఎక్కువయని వైద్యులు లెక్కింతురు. "నాకెప్పుడు తలనొప్పి గూడ రాలే, మిషిన్ల ఏదో కిరికిరి ఉన్నది" అని మిత్రుడు యంత్రము మీద కోపించెను. మరియొక యంత్రముతో చూచినను అంతియే. యువకుడైన డాక్టరు రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి, "ఈ మొదటి ప్రశ్న దేనికి పనికివచ్చునో నాకు అర్థము కాదు" అని నవ్వెను. నేనును నవ్వితిని. బాగున్నానన్నవాడు బాగులేడు, బాగులేనన్నవాడు బాగున్నాడు. ఇక మనిషి మాటకు విలువ యేమున్నది?

ఆ ప్రశ్న దేనికి పనికివచ్చునో తరువాత చదివి తెలిసికొంటిని. కెనడా దేశమున మానిటోబా రాష్ట్రములో 65 ఏండ్లు దాటిన వృద్ధులను ఇట్లే మీ ఆరోగ్యము ఎట్లున్నదని అడిగి, వారి జీవితములను ఏండ్ల తరబడి గమనించినారు. 1982లో జానా మోసీ, ఎవలిన్ షపైరో అను ఇరువురు పరిశోధకురాండ్రు దాని ఫలితములను ప్రకటించిరి. బాగులేనని చెప్పినవారిలో మరణభయము, చాల బాగున్నానని చెప్పినవారికంటె దాదాపు మూడు రెట్లుగా తేలినది. వైద్యుల లెక్కలలోని రోగములను తీసి ప్రక్కన పెట్టిన తరువాత కూడ ఆ తేడా నిలిచినది. 1997లో ఎలెన్ ఐడ్లర్, యాయెల్ బెన్యమీని అనువారు వేర్వేరు దేశములలో జరిగిన 27 పరిశీలనలను ఒకచోట చేర్చి చూడగా, అందులో అత్యధిక భాగము ఇదే సంగతిని చెప్పుచుండెను. వైద్యుడు కొలువలేని దేనినో మనిషి తన మాటలో కొలుచుచున్నాడన్న మాట.

ఏమిటది? ఆలోచించినచో అంత వింత కాదు. డాక్టరు ఒక ఉదయమున ఒక అంకెను చూచును. మనిషి తన మొత్తము బ్రతుకును చూచును. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చినది, రెండవ అంతస్తు మెట్లెక్కునపుడు ఎక్కడ ఆగవలసివచ్చినది, అన్నము ఎట్లు సయించుచున్నది, తండ్రి ఏ వయస్సున పోయినాడు, క్రిందటి దసరాకును ఈ దసరాకును తనలో వచ్చిన మార్పు ఏమి అనునవి అతనికి తెలియును. వానిని ఒక్కొక్కటిగా లెక్కించి చెప్పడు. అన్నిటిని కలిపి ఒక్క మాటగా చెప్పును. ఆ ఒక్క మాటలోనికి దేహము కానివి కూడ ఎన్నో వచ్చి చేరును. కార్యాలయములలో పనిచేయువారి విషయమున అవి ఏవో విడదీసి చూడదగియున్నది.

మొదటిది నొప్పి. నొప్పించు రోగము మాటలోనికి వచ్చును, నొప్పించనిది రాదు. రోజంతయు కంప్యూటరు ముందు వంగి కూర్చున్నవాడు మెడనొప్పి గురించి చెప్పును, నడుమునొప్పి గురించి చెప్పును. రక్తపుపోటునకు నోరు లేదు. చక్కెరవ్యాధికిని మొదటి ఏండ్లలో నోరు లేదు. చెరకు పంటతో పేరుపొందిన ఈ సీమలో చక్కెర అన్నచో ఒకప్పుడు సంపద స్ఫురించెడిది. నేడు ఏ దఫ్తరులోనైనను షుగరు అను మాట వినబడినచో అది రోగమును గూర్చియే. పరగడుపున చేసిన పరీక్షలో 126 దాటినచో అది చక్కెరవ్యాధి యనుట వైద్యుల నియమము. ఆ గీత దాటిన దినమున మనిషికి ఏమియు తెలియదు. కావుననే నా మిత్రుడు అబద్ధమాడలేదు. అతని దేహము అతనితో ఏమియు చెప్పలేదు.

రెండవది పోలిక. గుమాస్తా తన ఆరోగ్యమును వైద్యగ్రంథముతో పోల్చుకొనడు, ప్రక్క బల్లవానితో పోల్చుకొనును. నలుగురు కూర్చున్న గదిలో ముగ్గురు భోజనమునకు ముందు మాత్రలు మింగుచున్నచో, నాలుగవవాడు తనకు వచ్చినపుడు "ఈ వయసుల ఉండేదే" అనుకొనును. కిటికీలోనుండి చూచినచో ఎండలో చెరకు కొట్టు కూలీ కనిపించును; ఇంటికి పోవు దారిలో వాకిట కూర్చుండి బీడీలు చుట్టు ఆడువారు కనిపింతురు. పంకా క్రింద కూర్చున్న తనకు రోగమని చెప్పుకొనుటకు నోరు రాదు. అయితే ఆ పంకా క్రింది కూర్చుండుటయే ఒక భారము. లండనులో జెర్రీ మోరిస్ అను వైద్యుడు 1953లో ప్రకటించిన పరిశీలన ప్రసిద్ధమైనది. రెండంతస్తుల బస్సులలో కూర్చుండి నడుపు డ్రైవర్లకంటె, దినమంతయు మెట్లెక్కి దిగుచు టికెట్లిచ్చు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడినది. నడచి ఉత్తరములు పంచు తపాలా జవానులకును, కూర్చుండి పనిచేయు గుమాస్తాలకును నడుమ కూడ అట్టి తేడాయే కనబడినది. ఫైలు మోసికొని తిరుగువాని కాళ్ళను చూచి జాలిపడు బల్లవాడు, తన కాళ్ళను గూర్చి కూడ కొంత ఆలోచింపవలసియున్నది.

మూడవది మన ఆచారము. "చాల బాగున్నాను" అని మనవారు అనరు. దిష్టి తగులునని భయము. పిల్లవాడు బొద్దుగా ఉన్నాడని పొరుగామె అన్నచో తల్లి ఆ సాయంకాలము ఉప్పు దిగదుడుచును. అట్టి ఇండ్లలో పెరిగినవారి ముందు "ఎక్సలెంట్" అను గడి పెట్టినచో దానిని ఎవరు ముట్టుకొందురు? అట్లే అడుగువానిని బట్టియు జవాబు మారును. పై అధికారి అడిగినచో బాగున్నాము. సెలవు చీటీ వ్రాయునపుడు బాగులేము. డాక్టరు వద్ద సగము చెప్పుదుము. తల్లి ఫోనులో అడిగినచో మరల బాగున్నాము.

నాలుగవది పేరు. రోగమునకు పేరు పెట్టగనే మనిషి మారును. కెనడాలోని హామిల్టన్ పట్టణమున ఒక ఉక్కు కర్మాగారపు కార్మికులను పరీక్షించి 1978లో ఒక విషయము ప్రకటించిరి: పోటు ఎక్కువగా ఉన్నదని తెలిసిన తరువాత వారు పనికి రాని దినములు పెరిగినవి. వ్యాధి క్రొత్తగా వచ్చినది కాదు. క్రొత్తగా వచ్చినది పేరు. నా మిత్రుని విషయమున నేను దీనిని కన్నులార చూచితిని. మాత్రలు వాడగా ఆరు మాసములలో పోటు అదుపునకు వచ్చినది. మునుపటికంటె అతడు నిజముగా క్షేమముగా ఉన్నాడు. కాని అడిగినచో, "ఏం బాగు సారూ, బీపీ మనిషిని" అని నిట్టూర్చును. తెలియకముందు "వెరీగుడ్", బాగైన తరువాత "పరవాలేదు".

ఇక ఐదవది, అన్నిటికంటె బరువైనది, ఉద్యోగములోని మెట్టు. దీనిని గూర్చి ప్రపంచమునకు ఎక్కువగా తెలియజెప్పినవారు లండనులోని ప్రభుత్వ గుమాస్తాలే. వైట్‌హాల్ అను వీధి అక్కడి సచివాలయముల వీధి. 1967లో మొదలైన మొదటి పరిశీలనలో దాదాపు 18,000 మంది పురుష ఉద్యోగులను చూచినారు. వారిలో ఆకలితో ఉన్నవాడు లేడు. అందరికిని ఉద్యోగమున్నది, అందరికిని ప్రభుత్వ వైద్యమున్నది. అయినను అట్టడుగు మెట్టున ఉన్న జవానులలో మరణములు పై మెట్టు అధికారులలోకంటె సుమారు మూడు రెట్లు. నడుమ మెట్లవారు నడుమనే ఉండిరి. 1985లో మైకేల్ మార్మొట్ అను వైద్యుడు రెండవ పరిశీలనను ప్రారంభించెను. 20 శాఖలనుండి 35 మొదలు 55 ఏండ్ల వయస్సుగల 10,308 మంది స్త్రీపురుషులు అందులో చేరిరి. ఈ మారు వారి ఆరోగ్యము ఎట్లున్నదని వారినే అడిగిరి. మెట్టు దిగినకొలది జవాబును దిగినది. ఎందువలన? పొగత్రాగుట, తిండి, కొలెస్టరాలు కొంతవరకే కారణములు. పనిమీద తనకు అధికారము లేకపోవుట ఒక ముఖ్యకారణముగా తేలినది. ఏ పని ముందు చేయవలెనో, ఎప్పుడు లేచి నీళ్ళు త్రాగవలెనో తాను నిర్ణయించుకొనలేనివాని గుండె, పని ఎక్కువైనను దానిని తన ఇష్టప్రకారము నడుపుకొనువాని గుండెకంటె ఎక్కువ అలసిపోవును.

మన దఫ్తరులు ఎరిగినవారికి దీనికి వ్యాఖ్య అక్కరలేదు. సాయంకాలము ఐదు దాటిన తరువాత "పెద్దసారు ఇంక పోలేదు" అను ఒక్క కారణమున కూర్చుండు గుమాస్తాలు ఎందరు లేరు? స్త్రీల స్థితి మరియొక మెట్టు క్రింద. బోధనునుండి నిజామాబాదునకు దినదినము వచ్చు ఉద్యోగిని తెల్లవారుజామున లేచి, వంట చేసి, డబ్బాలు కట్టి, పాతిక కిలోమీటర్లు బస్సులో నిలుచుండి, హాజరు పట్టీలో సంతకము చేయుసరికి ఒక దినపు పని ముగించి వచ్చినదే. పెక్కు దేశములలో స్త్రీలు పురుషులకంటె ఎక్కువ కాలము బ్రదుకుదురు, కాని తమ ఆరోగ్యము బాగులేదని పురుషులకంటె ఎక్కువగా చెప్పుదురు. దీనిని సణుగుడని కొట్టివేయువారు ఆమె వెంట ఒక్కనాడు ఆ బస్సులో ప్రయాణము చేయవలెను.

మెట్టు తరువాత భద్రత. ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండి ఒకే పని చేయు ఇరువురిలో ఒకడు 2004 సెప్టెంబరు 1వ తేదీకి ముందు ప్రభుత్వ ఉద్యోగమున చేరినాడు. పాత పింఛను అతనికి ఉన్నది. రెండవవాడు ఆ దినమో ఆ తరువాతనో చేరినాడు. అతని జీతమునుండి భాగము కోసి సంతలో పెట్టిన సొమ్ము ఎంత పండునో అంతియే. మూడవవాడు వారిద్దరికిని టీ తెచ్చి ఇచ్చు కాంట్రాక్టు మనిషి. వచ్చే మార్చి తరువాత అతడు ఉండునో లేదో అతనికే తెలియదు. ఈ ముగ్గురి పోటును కొలిచినచో ఒకే అంకె రావచ్చును. ముగ్గురిని బాగున్నారా అని అడిగినచో ఒకే జవాబు రాదు.

రెండవ వైట్‌హాల్ పరిశీలన జరుగుచుండగా, ప్రభుత్వ భవనములను చూచుకొను ప్రాపర్టీ సర్వీసెస్ ఏజెన్సీ అను శాఖను ప్రైవేటువారికి అమ్మవలెనని అక్కడి ప్రభుత్వము నిర్ణయించెను. పరిశోధకులు ఆ శాఖవారి జవాబులను తక్కిన శాఖలవారి జవాబులతో పోల్చి 1995లో ప్రకటించిరి. ఒక్కని ఉద్యోగమును ఇంక పోలేదు. పోవునేమో అను మాట మాత్రమే గదులలో తిరుగుచున్నది. అప్పటికే ఆ శాఖవారి జవాబులు, ముఖ్యముగా పురుషుల జవాబులు, తక్కినవారికంటె దిగజారియుండెను. ఉద్యోగము పోవుట ఒక దెబ్బ. పోవునని కాచుకొనియుండుట మరియొక దెబ్బ. అది ముందుగా తగులును.

ఇది చదివినపుడు నా మనస్సు లండనులో నిలువలేదు, శక్కర్‌నగరమునకు వచ్చినది. మంజీరానదిపై 1923లో మొదలైన నిజాంసాగరము 1931లో ముగిసినది. ఆ నీటితో చెరకు పెరిగినది. 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. దాని చుట్టును ఏర్పడిన కాలనీకి శక్కర్‌నగరమను పేరే వచ్చినది. ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా అది పేరుపొందినది. అందలి ఉద్యోగమన్నచో ఈ సీమలో పిల్లనిచ్చుటకు అదియే అర్హతగా ఉండెడిది. యంత్రముల దగ్గర పనిచేసినవారిని గూర్చి అందరును చెప్పుదురు. కాటా దగ్గర బండ్ల బరువు వ్రాసినవారు, చెరకు లెక్కలు చూచినవారు, హాజరు పట్టీలు నింపినవారు కూడ అక్కడ ఉండిరి. 2002లో అందలి 51 శాతము వాటా ప్రైవేటువారికి ఇచ్చినారు. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి యంత్రములను ఆపినారు. నడుమ పదమూడేండ్లు.

లండనులోని శాఖకు ఒక పరిశోధక బృందము ఉండెను. కాచుకొనియున్నవారి మాటను ఆ కాలముననే వ్రాసిపెట్టెను. బోధనులోని గుమాస్తాల జవాబును అట్లు వ్రాసిన పట్టిక నా చేతిలో లేదు. ఉన్నవి ఈ తేదీలు మాత్రమే. అయినను లండను గుమాస్తాకు ఒకటి రెండేండ్ల నిరీక్షణ చేసిన పనిని తలంచుకొన్నవాడు, పదమూడేండ్ల అనిశ్చయమును ఏ ఫ్యాక్టరీ లెక్కలలో వ్రాయవలెనని తప్పక అడుగును. ఒక సంస్థను మూయునపుడు యంత్రముల విలువ కట్టుదురు, భూముల విలువ కట్టుదురు, బకాయీలను లెక్కింతురు. "మీరెట్లున్నారు?" అను ప్రశ్నకు ఖాతా లేదు.

ఇంతవరకు చదివినవారు ఒక ఆక్షేపణ చేయవచ్చును. మనిషి మాటనే నమ్మినచో మోసపోమా? అవును, ఒక్కొక్కచోట మోసపోదుము. అమర్త్యసేన్ 2002లో ఒక వైద్యపత్రికలో దీనినే హెచ్చరించినాడు. ఆయుఃప్రమాణమున దేశములో ముందున్న కేరళలోనే తమకు రోగమున్నదని చెప్పువారు ఎక్కువ. ఆయుస్సు తక్కువైన బీహారులో చెప్పువారు తక్కువ. అమెరికాలో కేరళకంటెను ఎక్కువ. చదువును, ఆసుపత్రియు ఉన్నచోట మనిషికి తన రోగము కనబడును. లేనిచోట రోగమే స్వభావమనిపించును. కావున ఒక రాష్ట్రపు జవాబును మరియొక రాష్ట్రపు జవాబుతో తూచరాదు. "మేము బాగున్నాము" అని బీదపల్లె అన్నదని ఆసుపత్రిని మానరాదు. కాని ఒకే గదిలోని ఇరువురిలో ఒకడు ఎందుకు బాగులేనన్నాడో, క్రిందటేడు బాగున్నానన్నవాడు ఈ యేడు ఎందుకు అనలేకపోయినాడో అడుగుట వేరు. అక్కడ ఆ మాటకు పోటు కొలుచు యంత్రమంత విలువ ఉన్నది. యంత్రమును మాటయు ఒకదానికొకటి ప్రత్యామ్నాయములు కావు. 30 ఏండ్లు దాటినవారందరును పోటును, చక్కెరను పరీక్షింపించుకొనవలెనని మన దేశపు ఆరోగ్య కార్యక్రమమే చెప్పుచున్నది. బాగున్నానన్నవాడు అందుకు మొదట పోవలెను. బాగులేనన్నవానిని, చీటీలో అంకెలు సరిగనే ఉన్నను, కూర్చుండబెట్టి ఇంకొక మాట అడుగవలెను.

ఆ అటెండరును అట్లు ఎవ్వరును అడుగలేదు. నేనును అడుగలేదు. మిత్రుని కొరకు ఆ కార్యాలయమునకు పోయినపుడెల్ల అతడు ఎదురై "బాగున్నరా సారూ" అనెడివాడు. "బాగున్నావా" అని నేనును అనెడివాడను. జీతము నాలుగు మాసములకొకసారి వచ్చుచున్నదని, పెద్దకొడుకు గల్ఫుకు పోవుటకు చేసిన అప్పునకు వడ్డీ కట్టలేక రాత్రులు ఒక దుకాణమునకు కాపలా కాయుచున్నాడని, నిద్రయన్నది రెండు మూడు గంటలేయని నాకు తరువాత తెలిసినది. శిబిరము జరిగిన పదునాలుగు నెలలకు ఒక ఉదయము అతడు పనికి రాలేదు. గుండె ఆగినదని చెప్పిరి. ఒక్కని మరణము దేనిని ఋజువు చేయదని నేనెరుగుదును. అతని చీటీలో కనబడని జబ్బు మరేదైనను ఉండియుండవచ్చును. కాని ఆనాడు ఐదు గడుల కాగితము ముందు మా అందరిలో ఎక్కువగా ఆలోచించి చెప్పినవాడు అతడే. "రెండు ఒకటే సారూ" అన్న మాటను నేను అజ్ఞానమని తలంచి, భాష దిద్దుటకు పూనుకొంటిని.

దహనమునకు పోయివచ్చిన సాయంకాలము మిత్రుడును నేనును బస్టాండు దగ్గరి హోటలులో కూర్చుంటిమి. చాల సేపు మాటలు లేవు. టీ వచ్చిన తరువాత, అలవాటు చొప్పున, "పానం ఎట్లున్నదే?" అని అడిగితిని. "మంచిగనే ఉన్నది" అని అతడును అలవాటు చొప్పుననే అనెను. నేను గ్లాసును బల్లమీద పెట్టి, "నిజంగ అడుగుతున్న, చెప్పు" అంటిని. అతడు నా ముఖము వంక చూచెను. ఆ వెనుక అతడు చెప్పుట ముగించుసరికి హోటలువాడు బల్లలు తుడిచి, కుర్చీలు ఎత్తిపెట్టుచుండెను.